చెక్కను తినేదెవరో ముందు తేల్చుకోండి: చెద, పుచ్చు, కుళ్ళు

గుమ్మం పక్కన నేల మీద కాస్త పొడి కనబడగానే చాలామంది పురుగుమందుల దుకాణానికి వెళ్లి "చెదల మందు" తెచ్చి చెక్క మీద పైపైన కొట్టేస్తారు. ఆ పొడి చెదది కాకపోతే ఖర్చు దండగే. నేలలోంచి వచ్చే చెద అసలు పొడి రాల్చదు. తిన్న చోటనే మట్టితో నింపుకుంటూ పోతుంది.

మన ఇళ్లలో చెక్కను పాడుచేసేవి ప్రధానంగా మూడు. నేలలో గూడు పెట్టుకుని చెక్క దాకా పాకి వచ్చే చెద, చెక్కలోనే పుట్టి అందులోనే పెరిగే పుచ్చు పురుగు, తడి వల్ల పట్టే కుళ్ళు బూజు. చెదకు మందు నేలలో పెట్టాలి, పుచ్చుకు చెక్కలో పెట్టాలి. కుళ్ళుకు మాత్రం ముందు పిలవాల్సింది ప్లంబర్‌ని.

ఆనవాలు పట్టడం

ఒక టార్చ్, సన్న మొన ఉన్న స్క్రూడ్రైవర్, ఒక నల్ల కాగితం చాలు. టార్చ్‌ని చెక్కకు ఎదురుగా కాకుండా గోడకు ఆనించి పక్కనుంచి వేయండి. ఉబ్బులు, సన్న గీతలు అప్పుడే తేలతాయి. స్క్రూడ్రైవర్ పిడితో కింద నుంచి పైకి జానెడుకొక చోట కొట్టి వినండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, తిన్న చెక్క డొల్లగా పలుకుతుంది.

మట్టి బాటలు కనిపిస్తే చెద. పెన్సిల్ మందాన గోడ మీదో, చెక్క అంచునో, గొట్టం వెంబడో పాకి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మధ్యలో అంగుళం మేర మాత్రం చెరిపి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో ఆ ఖాళీని తడిమట్టితో మళ్లీ పూడిస్తే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. కనబడ్డ బాటలన్నీ చీపురుతో ఊడ్చేస్తే అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసే దారి మీరే పోగొట్టుకున్నట్టు.

మైదాలా మెత్తని పొడి, దాని పైన గుండుసూది తలంత గుండ్రని రంధ్రాలు ఉంటే పుచ్చు పురుగు. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలైతే సాధారణంగా లిక్టస్ జాతి పెంకుపురుగువి, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లుంటే దాని దగ్గరి చుట్టాలవి. ఆ పొడిని వేళ్ల మధ్య రుద్దితే టాల్కం పౌడర్‌లా జారిపోతుంది. గసగసాల్లా గట్టిగా, విడివిడి గింజల్లా ఉంటే అది పుచ్చు కాదు, పొడిచెక్కలోనే కాపురముండే ఒక రకం చెద వేసిన లద్దె. తేమ ఎక్కువుండే తీరప్రాంతాల్లో ఇది కనిపిస్తుంది. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఒక్కో గింజకు ఆరు పలకలుంటాయి. ఈ చెదకు నేలతో సంబంధం లేదు కాబట్టి నేలలో మందు పోసినా ప్రయోజనం ఉండదు. పుచ్చుకు చేసినట్టే చెక్కకు చేయాలి.

పాత రంధ్రాలు చూసి కంగారు పడొద్దు. పురుగు ఎగిరిపోయి ఏళ్లయినా రంధ్రం అలాగే ఉంటుంది. పొడి మొత్తం తుడిచి, కింద నల్ల కాగితం పరిచి, రంధ్రాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. రెండు వారాల్లో కాగితం మీద కొత్త పొడి పడినా, గీత బయట కొత్త రంధ్రం కనిపించినా పురుగు బతికే ఉంది. లారీ వెళ్లినా, తలుపు గట్టిగా వేసినా పాత పొడే కొంచెం రాలుతుంది. అందుకని ఒక్కసారి చూసి నిర్ణయానికి రావొద్దు.

పొడీ లేదు, మట్టీ లేదు, చెక్క మాత్రం మెత్తబడితే కుళ్ళు. స్క్రూడ్రైవర్ మొనను నారకు అడ్డంగా పావంగుళం గుచ్చి పైకి మీటండి. మంచి చెక్క చిటపటమంటూ పొడుగాటి పేళ్లుగా లేస్తుంది. కుళ్ళిన చెక్క చప్పుడు లేకుండా పొట్టి ముక్కగా తెగి వస్తుంది. కొన్ని బూజులు చెక్కలోని నార పదార్థమైన సెల్యులోజును తినేసి, ఆ నారను అతికి ఉంచే లిగ్నిన్‌ను వదిలేస్తాయి. అలాంటప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, నిలువుగా అడ్డంగా పగిలి, పాత బెల్లం దిమ్మలా గళ్లు గళ్లుగా విడిపోతుంది. ఇంకొన్ని లిగ్నిన్‌ను కూడా తింటాయి. అప్పుడు తెల్లబారి పీచు పీచుగా వస్తుంది. మామిడి, రబ్బరు చెక్కల్లో కనిపించే నీలి మరకలు వేరు. ఆ బూజు రంగే చెడగొడుతుంది, చెక్క బలం పెద్దగా తగ్గదు.

వేలు పట్టేంత గుండ్రని రంధ్రం దూలానికో వాసానికో ఉంటే అది తుమ్మెద పని. తుమ్మెద చెక్కను తినదు, తొలిచి లోపల గుడ్లు పెడుతుంది. కర్రను తొలిచేంత బలమున్న తుమ్మెద తామరరేకుల్లో చిక్కి ఊరుకుంటుందని కవులు అన్నారు కానీ, మన వాసాల మీద దానికి అంత మొహమాటం లేదు. అది వెళ్లిపోయాక రంధ్రంలో చెక్క మేకు కొట్టి రంగు వేస్తే చాలు.

నేల చెదకు

మన నేలల్లో పుట్టలు కట్టే చెద తాను తిన్న చెక్క లద్దెతో గూట్లో ఒక రకం బూజును పెంచుకుంటుంది. తొలకరి తర్వాత పుట్ట మీద గొడుగులా లేచేది ఆ బూజే. పుట్టగొడుగు అన్న పేరు అక్కడిదే. అంటే మీ తలుపు దగ్గర కనిపించేవి మేత మోసుకెళ్లే కూలీలు మాత్రమే. రాణి, గూడు, బూజు తోట అన్నీ నేల కింద ఎక్కడో ఉన్నాయి. తలుపు మీద కొట్టిన స్ప్రే ఈ కూలీలను చంపి ఆగిపోతుంది, నాలుగు వారాలకు పక్క గుమ్మం నుంచి మళ్లీ వస్తాయి. అందుకే చెదకు తెలియకుండా అంటుకుని, నెమ్మదిగా పనిచేసే మందు కావాలి. అవి ఒకదాన్నొకటి నాకుతూ, నోటి మేత పంచుకుంటూ మందును గూటి దాకా చేరుస్తాయి.

ఆ పని ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ (నీళ్లలో కలుపుకునే చిక్కటి ద్రవం) చేస్తుంది. లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, పది లీటర్లకు 21 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు. ఘాటు పెరిగితే చెద గూటికి చేరకముందే దారిలో చచ్చిపోతుంది.

కట్టిన ఇళ్లలో మందు పెట్టే పద్ధతికి ఐఎస్ 6313 మూడో భాగం అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం నేల, గోడ కలిసే మూల వెంబడి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగుకొకటి వేయాలి. ఒక్కో రంధ్రంలో ఇక పీల్చుకోదు అనేదాకా, గరిష్ఠంగా లీటరు మందునీళ్లు పోయాలి. పది బై పన్నెండు అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు. మూడడుగుల తలుపు తీసేస్తే 41 రంధ్రాలు, 41 లీటర్ల నీళ్లు, సుమారు 86 మిల్లీలీటర్ల మందు. గట్టి నేలలో చాలా రంధ్రాలు లీటరు తాగవు. అలాగని కంగారుగా ఒత్తిడి పెట్టి పంపు కొట్టొద్దు, మందు టైల్స్ కిందుగా పరుగెత్తి ఎక్కడో తేలుతుంది.

డ్రిల్ పెట్టేముందు రెండు చూసుకోండి. మొదటిది, గోడ అడుగున కరెంటు పైపు, నీళ్ల గొట్టం ఎటు పోయాయో. స్విచ్‌బోర్డుకు సూటిగా కిందన, కుళాయిలకు సూటిగా కిందన రంధ్రం వేయకుండా పక్కకు జరగండి. రెండోది, ఆ నేల కింద మట్టి ఉందా అని. మేడమీది గదిలో స్లాబుకు రంధ్రాలు వేసి మందు పోస్తే కిందింటి సీలింగే తడుస్తుంది. పై అంతస్తులో చెద కనిపిస్తే గొట్టాలు వచ్చే దారి, లిఫ్టు గోడ, కేబుల్ పైపుల్లో వెతకండి. లేదా పైన ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. తడి దొరికితే కొన్ని చెద జాతులు నేలతో పని లేకుండా గోడలోనే గూడు పెట్టగలవు. అక్కడ కారడం ఆపకుండా ఎంత మందు పోసినా లాభం లేదు.

టైల్స్ నేలైతే టైల్ మధ్యలో కాకుండా గోడ అంచున స్కర్టింగ్ అతుకులో డ్రిల్ పెట్టండి. మందు ఇంకాక మరుసటి రోజు వైట్ సిమెంట్‌తో మూసేయాలి. బయట గోడ చుట్టూ మట్టి ఉంటే 12 మిల్లీమీటర్ల ఇనప చువ్వతో జానెడు కంటే కొంచెం తక్కువ, అంటే 15 సెంటీమీటర్ల ఎడంలో అడుగు లోతు గుంతలు పొడిచి, గోడ మీటరు పొడవుకు రెండుంపావు లీటర్ల చొప్పున పోయండి. బావి, బోరు, నీటి సంపు, చేపల తొట్టి పక్కన పోయకూడదు. వాన రాబోతోందంటే ఆ రోజు మానుకోవాలి. చేతికి రబ్బరు తొడుగులు, ముఖానికి మాస్కు, కిటికీలు బార్లా తెరిచి పని చేయండి. మిగిలిన మందును మంచినీళ్ల సీసాలో దాచడం అన్నిటికంటే ప్రమాదం.

ఇక ద్వారబంధం. గోడకు తాకే వైపో, కనిపించని అంచునో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు 15 సెంటీమీటర్లకొకటి, మొన కిందికి వాలేలా, చెక్క నడిమి దాకా వేయండి. సూది తీసేసిన పది మిల్లీలీటర్ల సిరంజితో అదే మందునీళ్లు పై రంధ్రం నుంచి మొదలుపెట్టి కిందికి నింపుతూ రండి. గంటాగి రెండోసారి నింపండి. ఒక రంధ్రం ఎంత పోసినా తాగుతూనే ఉంటే దాని వెనక చెక్క లేదు, మట్టే ఉంది. అక్కడ వడ్రంగి చూడాల్సిందే. తర్వాత మైనంతోనో చెక్క పుట్టీతోనో మూయండి.

మందు పెట్టాక కూడా కొన్నాళ్లు చెద కనిపించవచ్చు. రెండు మూడు నెలలు ఆగి, ఇందాకటి చెరిపిన బాట పరీక్ష మళ్లీ చేయండి.

తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళను, అంటే రెక్కలొచ్చిన చెదను చూసి ఇంట్లో చెద పట్టిందని బెదిరిపోతారు. బయట నుంచి వెలుతురుకు వచ్చినవైతే ఏమీ కాదు, లైటు ఆర్పేయండి. గోడ పగుల్లోంచో గుమ్మం మూలలోంచో గుంపుగా బయటికి వస్తున్నాయంటే మాత్రం గూడు మీ ఇంటి కిందే ఉంది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి, డ్రిల్ పని అక్కడి నుంచి మొదలుపెట్టాలి. పెరట్లో పుట్ట ఉన్నంత మాత్రాన ఇంట్లోకి వచ్చే చెద దానిదే కానక్కరలేదు. నాగులచవితికి పాలు పోసే పుట్టను తవ్వనక్కర్లేదు కూడా. తీయక తప్పకపోతే చెయ్యి పెట్టకండి, పాము ఉండొచ్చు. పొడుగు చువ్వతో నాలుగైదు చోట్ల లోతుగా పొడిచి, ఘనమీటరు పుట్టకు నాలుగు లీటర్ల చొప్పున మందునీళ్లు పోయాలి. పైన పగలగొట్టి చదును చేస్తే వారంలో మళ్లీ కట్టేస్తాయి.

కాలిన ఇంజనాయిలు, కిరోసిన్ పూయడం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అది చెక్క పైపొర దాటి లోపలికి పోదు, పైగా వంటింటి పక్క గుమ్మానికి నిప్పు ప్రమాదం.

పుచ్చు పురుగుకు

ఈ పురుగుకు కావాల్సింది చెక్క కంటే చెక్కలోని పిండి పదార్థం. చెట్టు లోపలి ముదురు చెక్కను చేవ అంటాం కదా, దాన్ని ముట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కలోనే పిండి ఉంటుంది. "టేకు తలుపే, ఎలా పుచ్చింది?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. పుచ్చిన చోటు చూడండి, అంచున లేత రంగు పట్టీయే ఉంటుంది. మామిడి, బూరుగు, రబ్బరు చెక్కల్లో పురుగుకు అడ్డొచ్చే చేవ ఉండదు, కాబట్టి పలక మొత్తం ప్రమాదంలో ఉన్నట్టే. వెదురు కూడా ఇంతే.

కొనేముందు పిండి ఉందో లేదో అక్కడే చూసుకోవచ్చు. అప్పుడే కోసిన ముఖం మీద బెటాడిన్‌ని సమంగా నీళ్లతో కలిపి ఒక చుక్క వేయండి. నాలుగైదు నిమిషాల్లో ఆ చుక్క నీలినలుపుకు తిరిగితే పిండి నిండుగా ఉంది. గోధుమరంగులోనే ఉండిపోతే భయం తక్కువ. పాత మట్టి ముఖం మీద వేస్తే తెలియదు, రంపపు కోత తాజాగా ఉండాలి.

పుచ్చుకు నమ్మదగ్గ మందు వెలిగారం, బోరిక్ యాసిడ్ కలయిక. పది లీటర్ల వేడినీళ్లలో బోరిక్ యాసిడ్ 300 గ్రాములు, వెలిగారం 450 గ్రాములు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. విడివిడిగా అంత కరగవు, రెండూ కలిస్తే తేలిగ్గా కరుగుతాయి. చల్లారాక అడుగున పలుకులు తేలితే మళ్లీ వేడి చేయండి. పచ్చి చెక్క, పచ్చి వెదురు అయితే ఇందులో ముంచి తీసి, టార్పాలిన్‌తో గట్టిగా చుట్టి రెండు మూడు వారాలు నీడన ఉంచండి. చెక్కలోని తడే మందును లోపలికి లాక్కుంటుంది. ఆరిపోయిన చెక్కకైతే బ్రష్‌తో గంటకొక పూత చొప్పున మూడు పూతలు. రంగు, వార్నిష్ ఉన్న చెక్క మీద వేస్తే బయటే ఆగిపోతుంది, ముందు గీకేయాలి.

ఈ మందుకు ఒకటే లోపం, వానకు కొట్టుకుపోతుంది. అందుకని కంచె గుంజలకు, బయటి గేటుకు పనికిరాదు. రొట్టెలపీట, చెక్క గరిటె, పిల్లల ఉయ్యాల కమ్మీల్లాంటి నోటికి తగిలే వాటికి అసలే వేయొద్దు.

పురుగు ఇప్పటికే తింటున్న మంచానికో బీరువాకో, రంధ్రాలన్నిటిలోకీ చెక్క పురుగుల మందు సిరంజితో ఎక్కించి, మైనంతో మూసి, ఆ తర్వాత వార్నిష్ వేయాలి. ఈ పెంకుపురుగు గుడ్లు పెట్టేది నగ్నంగా ఉన్న చెక్క సన్నరంధ్రాల్లోనే. వార్నిష్ వాటిని మూసేస్తుంది. మన వడ్రంగులు పైభాగాన్ని అద్దంలా మెరిపిస్తారు, మంచం పట్టీల అడుగు, సొరుగు వెనక, అల్మరా వీపు మాత్రం పచ్చిగా వదిలేస్తారు. మొదటి రంధ్రం ఎప్పుడూ అక్కడే పడుతుంది. కొత్త సామాను దిగ్గానే తిరగేసి చూసి, కనిపించని ముఖాలకు కూడా ఒక పూత వేయించుకోండి. లోపల మిగిలిన పురుగు ఆ పూతను చీల్చుకుని ఒకటి రెండు రావచ్చు. వచ్చిన రంధ్రానికి మళ్లీ మందెక్కించండి.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడేది పొణికి చెక్క. తేలిక, తెలుపు, మెత్తన. వాటిలో పొడి కనిపిస్తే మందుతో రంగులు పాడుచేసుకోవద్దు. పాలిథిన్ సంచిలో పెట్టి గాలి తీసేసి టేపుతో బిగించి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకూడదు. ఒక రోజు ఆగితే ఆవిరి చెమ్మ సంచి మీదే పడుతుంది, బొమ్మ మీద పడదు.

ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఇంట్లో సామానుకు పెట్టమని ఎవరు చెప్పినా వినొద్దు. తేమ తగిలితే వచ్చే ఫాస్ఫీన్ వాయువు పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లను చంపేస్తుంది.

ప్లైవుడ్ విషయంలో ఒక మాట. ఎంఆర్, బీడబ్ల్యూఆర్ అన్నవి జిగురు నీటికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తులు, పురుగు తినదని హామీ కాదు. మెరైన్ ప్లై అనే ఐఎస్ 710లో పలకకు మందు కూడా పట్టించాలన్న నిబంధన ఉంది. వంటింటికి అదే మేలు. దిగుమతి పెట్టెల పైన్ చెక్కతో సామాను చేయిస్తుంటే ముద్రలో హెచ్‌టీ అని ఉందేమో చూడండి. చెక్క నడిమి 56 డిగ్రీలకు చేరి అరగంట నిలిచిందని దాని అర్థం. అప్పటికి లోపలున్న పురుగు చచ్చింది, రేపు కొత్తది పట్టదని కాదు.

కుళ్ళుకు

చెక్కలో తేమ 20 శాతం దాటకపోతే కుళ్ళు బూజు పెరగదు. పూర్తిగా నీళ్లలో మునిగి ఉన్నా పెరగదు, గాలి అందదు కాబట్టి. అందుకే పాతిన గుంజ అడుగున గట్టిగానే ఉండి, నేల మట్టం దగ్గర విరుగుతుంది. తడీ గాలీ రెండూ దొరికేది అక్కడే.

ఇంట్లో అలాంటి చోటు గడప. రోజూ తడిగుడ్డ, శుక్రవారం కడిగి పసుపు, ద్వారబంధం కాళ్ల కింద కోత ముఖం నేలలోకి దిగబడి ఉండటం. చెక్క కోత ముఖం నీళ్లను పక్క ముఖం కంటే ఎన్నో రెట్లు వేగంగా తాగుతుంది. పాత మండువా ఇళ్లలో స్తంభాలను రాతి దిమ్మల మీద నిలబెట్టింది ఇందుకే. కొత్తగా పెట్టించేటప్పుడు ద్వారబంధం కాళ్లను సిమెంటులో పాతనివ్వకండి. గ్రానైట్ ముక్క మీద నిలబెట్టి, కోత ముఖానికి ఆయిల్ ప్రైమర్ మూడు పూతలు పట్టించండి. స్నానాలగదికి రాతి చట్రమే పెట్టుకోండి, చెక్క మీద మోజు అక్కడ వద్దు.

ఇప్పటికే కుళ్ళితే నీళ్లు ఎక్కడివో ముందు ఆపండి. తర్వాత మెత్తటి భాగం దాటి గట్టి చెక్క జానెడు కలిసేదాకా కోసేయండి. బూజు దారాలు కంటికి కనబడకుండా అంత దూరం వెళ్లి ఉంటాయి. మిగిలిన చెక్కను ఫ్యాను పెట్టి రెండు మూడు వారాలు ఆరనిచ్చి, వెలిగారం మందు మూడు పూతలు వేసి, ఏటవాలు కోతతో కొత్త చేవ ముక్క అతికించాలి. అతుకు వాలు నీళ్లు బయటికి జారేలా ఉండాలి, లోపలికి కాదు. తడి ఆరకుండా రంగు వేస్తే తడిని లోపలే బంధించినట్టు. పైకి నిగనిగలాడుతూనే ఏడాదిలో మళ్లీ మెత్తబడుతుంది.

పెరట్లో చెట్టుకు

మామిడి మొదలు దగ్గర బంక కారుతూ, పొట్టు ముద్దలుగా రాలితే కాండం తొలిచే పురుగు. వేలంత లావు తెల్లటి పిల్లపురుగు లోపల సొరంగం చేస్తుంది. సైకిల్ చువ్వ కొస వంచి రంధ్రంలోకి పంపి, తిప్పి లాగితే చాలాసార్లు పురుగే బయటికొస్తుంది. రాకపోతే పెట్రోలులో ముంచిన దూది లోపలికి కూరి బంకమట్టితో మూయండి, దగ్గర్లో నిప్పు లేకుండా. వారం తర్వాత తాజా పొట్టు కనిపిస్తే పక్కన ఇంకో రంధ్రం ఉంది, వెతకండి. పాత సలహాల్లో ఈ పనికి డైక్లోర్వాస్ చెప్పేవారు. 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో దానిపై నిషేధం ఉంది.

కొమ్మ నరికిన గాయాల నుంచే బూజు చెట్టులోకి దిగుతుంది. నరికిన రోజే బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్లలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో వేరుగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్‌లో కలపాలి. ఇనుప పాత్రలో కలిపితే రాగి ఇనుముకు పట్టేసి మందు చెడుతుంది.

కాండం మీద బల్లలా గట్టి పుట్టగొడుగులు లేచిన చెట్టు బయటికి పచ్చగా ఉన్నా లోపల డొల్లయి ఉండొచ్చు. వాటిని గీకేసినంత మాత్రాన లోపలి బూజు పోదు. అలాంటి చెట్టు ఎక్కొద్దు, దాని కింద బండి పెట్టొద్దు. గాలివాన కాలం వచ్చేలోగా తెలిసినవాళ్లకు చూపించి, ఇంటి వైపు వాలిన కొమ్మలు దింపించుకోండి.